రామేశ్వర ద్వీపమున నాలుగు దినములు

యాత్రయనగా మన స్త్రీలకు స్నానము, దర్శనము, ప్రసాదము అను మూడే మాటలు. గుడి చూచితిమి, తీర్థమాడితిమి, మూట గట్టుకొని బండి యెక్కితిమి అని చెప్పుకొనుటయే గాని, ఆ గుడి యున్న నేల యెట్టిది, అచటి జనులు దేనిపై బ్రదుకుచున్నారు, అచటి ఆడువారి కష్టసుఖము లెట్టివి అని విచారించువారు అరుదు. రామేశ్వరము పోయివచ్చినవారు మన తెలుగునాట ఊరూర గలరు. అది యొక చిన్న ద్వీపమనియు, దానికి ఇరుప్రక్కల రెండు తీరులైన సముద్రములు గలవనియు నాకు చెప్పినవారు మాత్రము లేరు. కావున 2025వ సంవత్సరపు దసరా సెలవులలో మేమచట గడపిన నాలుగు దినముల సంగతి సోదరీమణులకు విన్నవింప నెంచితిని.

మావారు ఉన్నత పాఠశాలలో చరిత్ర, భూగోళము చెప్పు ఉపాధ్యాయులు. బడిపంతులు జీతములో యాత్రలకెంత మిగులునో తోటి పంతుళ్ళ భార్యలకు నేను చెప్పనక్కరలేదు. రెండేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ముతో, మా అత్తగారిని, పండ్రెండేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. అత్తగారికి అరువదియెనిమిదేండ్లు. మడి, ఆచారము ప్రాణముతో సమానము. రెండు మరచెంబుల నిండ తెచ్చుకొన్న ఇంటినీరు తప్ప దారిలో మరియొకరి నీరు ముట్టరు.

చెన్నపట్టణమున బోటుమెయిలు ఎక్కితిమి. రైలుబండికి ఓడపేరేల యని అమ్మాయి యడిగినది. పూర్వ మీ బండి ధనుష్కోటి వరకు పోయెడిది. అచట దిగినవారు పొగయోడ నెక్కి సింహళమున తలైమన్నారు చేరి, మరల రైలుపై కొలంబో పోయెడివారు. ఓడ పోయినది, పేరు మిగిలినది. తెలతెలవారుచుండగా బండి సముద్రముమీదికి వచ్చినది. 1914లో తెరచిన పాత వంతెన ప్రక్కనే కనబడినది. ఓడలు వచ్చినపుడు దాని నడిమిభాగము రెండు తలుపులవలె పైకి లేచెడిది. 2022 డిసెంబరు నుండి దానిపై బండ్లు నిలిచిపోయినవి. 2025 ఏప్రిలు 6వ తేదీ శ్రీరామనవమినాడు తెరచిన క్రొత్త వంతెనలో 72.5 మీటర్ల పొడవుగల భాగము నిలువుగా 17 మీటర్లు లేచునని మావారు వివరించిరి. నాకు యుద్ధకాండలోని నలుని సేతువు తలపునకు వచ్చినది. మొదటి దినమున పదునాలుగు యోజనములు, ఐదవ దినమున ఇరువదిమూడు. పని సాగినకొలది చేతికి వేగము వచ్చుట మనకు వంటయింటిలో తెలిసినదే గదా! అత్తగారు కన్నులు మూసికొని, “కట్టినవారిని చల్లగా చూడుము, తండ్రీ” అని చేతులు జోడించిరి.

ఆలయమును గూర్చి అందరు నెరుగుదురు గనుక క్లుప్తముగా చెప్పెదను. మూడవ ప్రాకారపు నడవలో 1212 స్తంభములు గలవందురు. ఒక కొన నిలిచి చూచినచో రెండవ కొన చీకటిలో కరగిపోవును. ఇరువదిరెండు తీర్థములలోను బొక్కెనలతో తోడి తలపై పోయుచుండగా అత్తగారి మోకాళ్ళ నొప్పి యెట్లు మాయమైనదో ఆ స్వామికే తెలియును. మొదటి పూజ హనుమంతుడు తెచ్చిన విశ్వలింగమునకు, పిదప సీతమ్మ ఇసుకతో చేసిన రామలింగమునకు. ఆలస్యముగా వచ్చిన హనుమ మనసు నొవ్వకుండ రాముడట్లు నియమించెనని స్థలపురాణము. నాకు మాత్రము అందు ఆ తల్లి మనసే కనబడినది. బిడ్డకు ముందు వడ్డించి తన విస్తరి వెనుకకు జరుపుకొనుట తల్లులకు క్రొత్త గాదు.

రెండవనాడు ఊరు చూచితిమి. మసీదు వీథిలో అబ్దుల్ కలాముగారి యిల్లు గలదు. 1931లో ఆ యూర జన్మించిన ఆ మహనీయుడు, యుద్ధకాలమున రైలు ఆగక పోవుచుండగా, బండిలోనుండి విసరిన పత్రికల కట్టలను ఏరి ఇంటింట పంచిన బాలుడు, 2002లో రాష్ట్రపతి. మా అమ్మాయి ఆ యింటిముందు చాలసేపు మాటాడక నిలిచినది. చెప్పిన పాఠముకంటె చూచిన గడప బలమైనదని మావారనిరి.

మూడవనాడు పాంబను పోయితిమి. 1897 జనవరిలో వివేకానందస్వామి విదేశములనుండి మరలివచ్చి భారతభూమిపై అడుగిడిన తావది. అచ్చటి పల్లెలలో నేను చూచిన ఆడువారిని ఎన్నటికి మరువను. చీరపై మగవారి పాత చొక్కా తొడిగి, వ్రేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, కంటికి అద్దములు పెట్టి, సముద్రములో మునిగి రాళ్ళనంటిన నాచును కోసికొని వత్తురు. మనము తిను మిఠాయిలు, మందులు చిక్కబడుటకు ఇట్టి నాచునుండి తీసిన జిగురు వాడుదురట. ఊపిరి బిగబట్టి మునుగుట, గుప్పెడు తీసి లేచుట, మరల మునుగుట. ఇదియే వారి దినచర్య. 1986లో ఆ ప్రక్కనున్న 21 దీవులను పగడపుదిబ్బల రక్షణకై జాతీయోద్యానముగా నేర్పరచుటతో, తాతతండ్రులనాటి నుండి పోవుచున్న చోట్లకు పోరాదను కట్టుబాటు వచ్చినది. పగడములు నశించిన చేపలు నశించును; నాచు లేకున్న వీరి పొయ్యి వెలుగదు. రెండును నిజములే. రెంటికిని దారి చూపుట పాలకుల విధి. మనము గాజులు చిట్లినవని విచారింతుము. వారి వ్రేళ్ళు చూచిన పిమ్మట నా చేతి గాజులవంక చూచుకొనుటకు నాకు సిగ్గైనది.

కడపటిదినమున ధనుష్కోటి. రామేశ్వరమునుండి సుమారు 20 కిలోమీటర్లు. 2017నుండి కొనవరకు చక్కని బాట గలదు. ఇరుప్రక్కల నీరు, నడుమ ఇసుక. ఉత్తరపు ప్రక్క బంగాళాఖాతము; దానిని అచ్చటివారు ఆడుకడలి యందురు. దక్షిణపు ప్రక్క మన్నారు అఖాతము, అది మగకడలి. మేము పోయినప్పుడు ఆడుకడలి పళ్ళెములో పోసిన నీరువలె నుండెను, మగకడలి ఘోషించుచుండెను. త్రోవలో పైకప్పు లేని క్రైస్తవాలయపు గోడలు, రైలుస్టేషను శిథిలములు నిలిచియున్నవి. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపానులో ఆ యూరు పోయినది. నూరుమందికి పైగా ప్రయాణికులతో వచ్చుచున్న రైలుబండియు పోయినది. మనుష్యులు నివసింపదగని చోటని ప్రభుత్వము ప్రకటించినను, కొందరు జాలరులు గుడిసెలు వేసికొని అచటనే యున్నారు.

గవ్వలమ్ము ఒక వృద్ధురాలివద్ద కూర్చుంటిమి. మా అత్తగారి యీడే. మావారు తమిళము చక్కగా మాటాడుదురు గనుక ఆమె మాటలు మాకు విప్పి చెప్పిరి. ఆ రాత్రి ఆమె చిన్నపిల్ల. తల్లి ఆమెను మెడపై నెక్కించుకొని, చంటివానిని చంకనిడుకొని ఇసుకతిన్నెమీదికి ప్రాకినదట. తెల్లవారునప్పటికి మెడపైనున్న బిడ్డ మిగిలినది, చంకలోనిది లేదు. “ఆడుకడలి యని నమ్మవలదమ్మా. ఈశాన్యపుగాలి తిరిగినచో ఇదియే లేచును,” అన్నదామె. మరి యేల యిచటనే యున్నావని నేనడిగితిని. “మా అమ్మ ప్రతి సాయంకాలము వానికొరకు ఈ ఒడ్డున నిలిచెడిది. ఇప్పుడు నేను నిలిచెదను,” అని గవ్వలు సవరించుకొన్నది.

ఎండ మిక్కుటముగా నుండెను. అత్తగారి మరచెంబులు రెండును వట్టిపోయినవి. ఆ వృద్ధురాలు లేచి, గుడిసె వెనుక ఇసుకను చేతులతో తోడగా, మోచేతిలోతున నీరు ఊరినది. ఇరుప్రక్కల ఉప్పుసముద్రము, నడుమ తీయని నీరు! వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిపై తేలుచుండునని మావారు చెప్పిరి. ఆమె సత్తుగిన్నెతో ముంచి మాకిచ్చి, అత్తగారివంక చూచి, ఆచారవంతురాలని గ్రహించి, గిన్నె వెనుకకు తీసికొన్నది. నేను తలవంచుకొంటిని. అత్తగారు ఒక నిమిషము ఊరకుండిరి. పిమ్మట దోసిలి పట్టి, “పోయుము, చెల్లెలా,” అనిరి. రెండు దోసిళ్ళు త్రాగిరి. ఎవరును ఏమియు అనలేదు.

కాశికి చేర్పవలెనని అత్తగారు గుప్పెడు సేతువు ఇసుక మూటగట్టిరి. తిరిగివచ్చునపుడు బండిలో, “తీర్థములు ఇరువదిరెండనిరి. ఇరువదిమూడవది ఎవ్వరును చెప్పరైరి,” అని మాత్రమనిరి. ఇంట మడి యథాప్రకారము సాగుచున్నది. కాని మా చాకలి లక్ష్మికి గడపవెలుపల నీరు పోయు చెంబు, ఇప్పుడు వంటయింటి కూజాప్రక్కనే యుండుచున్నది. ఆ మార్పు నేను చేసినది గాదు.

సోదరీమణులారా! మీరు రామేశ్వరము పోయినచో ఒకపూటలో ముగించుకొని రావలదు. ఈశాన్యపుగాలి తిరుగకముందే పొండు. ఇరువదిరెండు తీర్థములు ఆడుడు. పిమ్మట ఒకదినము పాంబనులో, ఒకదినము ధనుష్కోటిలో గడపుడు. అచటి ఆడువారితో కూర్చుండి మాటాడుడు. పదిరూపాయలు మిగిలించుకొనుటకు గవ్వల బేరమాడకుడు. దేవుని చూచుటకు మనము అంతదూరము పోవుచున్నాము. ఆయన నీడలో బ్రదుకు మనుష్యులను చూడకయే మరలివచ్చుట భావ్యమా?