కుక్కకు పిడుదు, పిల్లికి మిన్నల్లి

భారతకథ చదివిన సోదరీమణులకు కర్ణుని తొడను దొలిచిన పురుగు సంగతి క్రొత్తది కాదు. గురువగు పరశురాముడు తన తొడపై తలయుంచి నిద్రించుచుండ, అలర్కమను పురుగు మాంసమును దొలిచి నెత్తురు త్రావుచున్నను కర్ణుడు కదలక మెదలక సహించెను. ఆ పురుగునకు ఎనిమిది కాళ్లున్నవని శాంతిపర్వమున వర్ణింపబడినది. కుక్కల చెవులలో కఱచిపట్టుకొని నెత్తురు పీల్చు పిడుదునకును ఎనిమిది కాళ్లే. దీనినే గోమారి యనియు అందురు. కర్ణుడు గురువునకు నిద్రాభంగము కారాదని యోర్చుకొనెను. మన వాకిట పడియున్న కుక్క చెప్పుకొన నోరులేక యోర్చుకొనుచున్నది. భేద మింతియే.

ఉగాది దాటి యెండలు ముదిరిననాటినుండి ఈ బాధ మెండగును. మా తుర్కయంజాల్ నాగార్జునసాగర్ రహదారి నానుకొని యున్నది. నిన్నమొన్నటి చేలలో నేడు ఇండ్లు లేచినవి. ఇంటికిని ఇంటికిని నడుమ నున్న ఖాళీ జాగాలలో పిచ్చిమొక్కలు పెరుగును. వాని నీడను వీధికుక్కలు పండుకొనును. కావున మన యింటి జంతువును ఎంత శుభ్రముగ నుంచినను పురుగు వచ్చుటకు త్రోవ యుండనే యున్నది.

పలువురు గృహిణులు కుక్కకు స్నానము చేయించి, కనబడిన పిడుదులను పెరికివేసి, పని తీఱినదనుకొందురు. కొలది దినములకే మరల పిడుదులు కనబడగా విసిగిపోవుదురు. పిడుదు తన జీవితములో నెక్కువకాలము కుక్క మేనిపై నుండదను సంగతి ఎఱుగమియే దీనికి కారణము. గ్రుడ్డునుండి వెడలిన పిల్లకు ఆఱు కాళ్లు. అది యొకమారు నెత్తురు త్రావి నేల రాలి, పొర విడిచి, ఎనిమిది కాళ్లదగును. మరల నొకమారు త్రావి, రాలి, పెద్దదగును. పెద్దదైన ఆడుపిడుదు కడుపునిండ త్రావి, గోడ ప్రాకి, పగుళ్లలోనో తలుపుచట్రముల సందులలోనో దూరి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. ఆకలిగొన్న పిడుదు నెలలతరబడి ఆ సందులలోనే కాచుకొని యుండగలదు. కుక్కను కడిగి గోడను విడుచుట, కోటను విడిచి వీధిలోని బంట్లను కొట్టుటవంటిది.

మిన్నల్లి యనునది గంతులువేయు చిన్నపురుగు. పిల్లులను, కుక్కలను గూడ పట్టును. ఆడుమిన్నల్లి దినమునకు పదులకొలది గ్రుడ్లు పెట్టును. అవి రోమములనుండి జారి, జంతువు పండుకొను గోనెపట్టాలోను చాపలోను పడి అచటనే పొదుగును. దీనిని కనిపెట్టుట సులభము. ఈరుపెనతో మేను దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిసిన తెల్లగుడ్డపై వేయవలెను. నలుసుచుట్టు ఎఱుపు దిగినచో అది మిన్నల్లి మలము. జంతువునుండి పీల్చిన నెత్తురే ఆ యెఱుపు. మిన్నల్లిని మ్రింగిన జంతువు కడుపులో బద్దెపురుగు పెరుగును. తోకక్రింద బియ్యపుగింజలవంటివి కనబడిన ఇదియే కారణమని తలపవచ్చును.

ఇది కేవలము దురదతో పోవు వ్యవహారము కాదు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనువారు పశువుల జ్వరమును పిడుదులు వ్యాపింపజేయుచున్నవని నిరూపించిరి. పిమ్మట నాలుగేండ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదుననే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియాక్రిమిని కనుగొనెను. చిన్న పురుగు పెద్ద రోగమును మోయునని లోకము నేర్చినది ఆ కాలముననే. పిడుదులవలన కుక్కలకు ఎర్లీకియా, బబీసియా అను రోగములు వచ్చును. జ్వరము, తిండి మానుట, చిగుళ్లు పాలిపోవుట, ముక్కునుండి నెత్తురు కారుట, మూత్రము నల్లబడుట వీని గుర్తులు. వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను.

ఇక చేయవలసిన పనులు. ప్రతిదినము చెవులలోపల, మెడక్రింద, కాలివ్రేళ్ల సందుల వెదకవలెను. పిడుదును చిన్న పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెల్లగా నిలువున లాగి, సబ్బునీళ్లలో వేయవలెను. గోటితో నలుపరాదు, దానిలోని క్రిములు మనుష్యులకును జ్వరము తేగలవు. కిరోసిను పూయుట, నిప్పు తగిలించుట జంతువునకే హాని. పడకగుడ్డలను వారమున కొకమారు వేడినీట ఉదికి ఎండ వేయవలెను. మూలలు, మంచముల క్రిందిభాగములు ఊడ్చి, ఆ దుమ్మును ఇంట నుంచక పాఱవేయవలెను. గోడపగుళ్లను సిమెంటుతో పూడ్పింపవలెను. జంతువునకు వాడు మందును దాని బరువు తూచి, వయస్సు చెప్పి, వైద్యుని నడిగియే కొనవలెను. గడువు తప్పక మరల వేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మా వీధిలో నొక యింట కుక్క మెడపై వేయు మందు కొంత మిగులగా, పాపమని తలచి దానిని పిల్లికిని వేసిరి. కొలదిసేపటికే పిల్లికి వణకు పుట్టి, కాళ్లు కొట్టుకొనసాగెను. వెంటనే వైద్యుని కడకు కొనిపోయినందున బ్రతికినది. ఆ మందులో పెర్మెత్రిన్ అను ద్రవ్యముండెను. కుక్క దేహము దానిని జీర్ణించుకొనగలదు. పిల్లి కాలేయమునకు ఆ శక్తి చాలదు. కావున కుక్కమందును కొలత తగ్గించియైనను పిల్లికి వేయరాదు. రెండును ఒకే యింట నున్నచో కుక్కపై మందు ఆఱువఱకు పిల్లిని వేఱుగ నుంచవలెను. పొరపాటున పడినచో గోరువెచ్చని నీటితోను సబ్బుతోను కడిగి, ఆలస్యము లేక వైద్యుని చేర్చవలెను. వణకు మొదలైనచో కడుగుటకు సైతము నిలువరాదు. కర్పూరము, కలరాయుండలు, వెల్లుల్లి ఇంటివస్తువులే కదా యని వాడుటయు పిల్లికిని కుక్కకును ప్రమాదమే.

జాలి యుండుట మంచిదే. కాని తెలివి తోడులేని జాలి విషమైన సందర్భమును మేము కన్నులార చూచితిమి. కర్ణుని బాధ పరశురాముడు మేల్కొన్నపిమ్మటగాని తెలియలేదు. మన యింటి మూగజీవి బాధ తెలిసికొనుటకు అంతవఱకు వేచియుండ నేల? ఈ సాయంకాలమే దాని చెవి యెత్తి చూడుడు. పిమ్మట అది పండుకొను చోటనున్న గోడను గూడ చూడుడు.