పాత నూనె

నూనెల సంగతి నాకు తెలీదంటే ఒప్పుకోను. 22 ఏళ్ళుగా వాటితోనే కాపురం చేస్తున్నదాన్ని. ఆవకాయకి ఏ నూనె, బూరెలకి ఏ నూనె, అప్పడాలు వేయించగా మిగిలింది ఎన్నాళ్ళు వాడొచ్చు - నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ గేరుబాక్సులో కూడా నూనె ఉంటుందనీ, అది మార్చకపోతే ఓ సంసారం చిక్కుల్లో పడుతుందనీ బి.ఏ.లో మాకెవరూ చెప్పలేదు మరి!

కైకలూరు దగ్గర మా పుట్టింటి ఊళ్ళో మా తమ్ముడికి ఓ పాత జేసీబీ ఉండేది. ముందు పెద్ద తొట్టి, వెనక తవ్వే చెయ్యి. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషాయన పేరులోని పొడి అక్షరాలట. 1945లో కంపెనీ పెట్టాడు. 1979లో అది మన దేశానికీ వచ్చింది. ఇప్పుడు మన పల్లెల్లో అలాంటి బండి ఎవరు తయారుచేసినా జేసీబీయే!

తమ్ముడు పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ మరదలే డ్రైవరుని పెట్టి బండి నడిపిస్తోంది. చేపల చెరువుల గట్లు వేస్తే వచ్చే డబ్బే పిల్లల ఫీజులూ, ఇంటి ఖర్చులూ. అలాంటిది ఓ రోజు ఫోను చేసి, "బండి అమ్మేస్తున్నాను వదినా" అంది. ఉన్నపళాన బయల్దేరి వెళ్ళాను.

మీట ముందుకి తోస్తే బండి కాసేపు ఆలోచించి, ఆ తర్వాత ఒక్క ఉదుటున కదులుతోంది. వెనక్కీ అంతే. కొంటానన్నాయన "గేరుబాక్సు పోయిందమ్మా" అని పాత ఇనుము ధర చెప్పి వెళ్ళాడు. మర్నాడు అడ్వాన్సు తెస్తాట్ట.

తమ్ముడి దగ్గర పనిచేసిన ముసలి మేస్త్రీ మాత్రం అడ్డుపడ్డాడు. "అమ్మా, ముందు నూనె మార్చి చూద్దాం. కడుపులో ఏముందో చూడకుండా అమ్మేస్తారా?"

బండిని కాసేపు నడిపించి వేడెక్కించాడు. చల్లగా ఉంటే నూనె చిక్కబడి మడ్డి అడుగునే ఉండిపోతుందట. చదునైన చోట ఆపి, తొట్లు రెండూ నేలకి దించి, చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజను కట్టేసి అప్పుడు కిందికి దూరాడు. బిరడా విప్పగానే నల్లటి నూనె, మాడిన పోపు వాసన! "మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్ళు చేరినట్టు. అది లేదు, నయం" అన్నాడు.

బిరడాకున్న అయస్కాంతానికి విభూతిలాంటి పొడి అంటుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముక్కల్లేవమ్మా. పళ్ళు విరగలేదు."

లోపలి జల్లెడ మాత్రం పూడిపోయి ఉంది. ఆ నూనె ఒత్తిడితోనే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకుంటాయట. నూనె సరిగా అందకపోతే పట్టు ఆలస్యం, ప్లేట్లు జారి మాడడం. జల్లెడ కడిగి, కొత్త ఫిల్టరు బిగించి, 15 లీటర్ల పైచిలుకు కొత్త నూనె పోశాడు.

ఈలోగా నేను సీటు పక్కనున్న నోటుబుక్కు తిరగేశాను. ఈ బళ్ళకి మైళ్ళు కాదు, గంటలే లెక్క. 1000 గంటలకోసారి గేరుబాక్సు నూనె మార్చినట్టు తమ్ముడి కోడిగీతల్లో రాసుంది. ఆఖరి లెక్క తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"ఇంజను నూనె మార్పిస్తూనే ఉన్నాను వదినా. దీనికి వేరే ఉంటుందని నాకెవరూ చెప్పలేదు" అంది మరదలు, తప్పు చేసినదానిలా.

నాకు తల కొట్టేసినట్టయింది. ప్రతి ఆదివారం ఫోను చేసేదాన్ని. తిన్నారా, పిల్లలెలా ఉన్నారు, వాన పడిందా అని అడిగేదాన్ని. వాళ్ళకి అన్నం పెడుతున్న ఆ బండి ఎలా ఉందని ఒక్కసారి అడిగానా!

బండి స్టార్టు చేసి, కొలపుల్లతో మట్టం చూసి, తగ్గినంత మళ్ళీ పోశాడు. మీట తోశాడు. కుదుపు లేదు. ఆలస్యం మాత్రం ఇంకా కాస్త ఉంది.

"పాత నూనె ఒక్కసారే అంతా రాదమ్మా. కన్వర్టర్లో కొంత మిగిలే ఉంటుంది. 100 గంటలు నడిపి మళ్ళీ మారుద్దాం. ప్లేట్లు ఎంత మాడాయో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడే మాటివ్వలేను" అన్నాడు మేస్త్రీ.

మరదలు కొంటానన్నాయనకి ఫోను చేసి, ఇప్పుడే అమ్మడం లేదని చెప్పేసింది. తర్వాత నోటుబుక్కు తీసుకుని తమ్ముడి రాత కింద తేదీ, గంటలు రాసింది. గుండ్రటి అక్షరాలు తనవి.

ఇప్పుడు ఆదివారం ఫోను చేస్తే తిన్నారా అని తర్వాత అడుగుతాను. ముందు, "ఎన్ని గంటలయిందే?" అంటాను.

"82 వదినా" అంది మొన్న. గొంతులో దిగులు లేదు.