సిరా అరగదీసిన చేతులు

"సిరా మరక వదలదు, పిల్లల్ని పాత చొక్కాలు వేసి పంపండి" అని మా అమ్మాయి హైస్కూలు నుంచి చీటీ వచ్చింది. కింద ఇంకో మాట: సాయానికి ఇద్దరు తల్లిదండ్రులు కావాలట. న్యూజెర్సీకి వచ్చి పన్నెండేళ్లయినా ఆ బడి గేటు దాటింది తక్కువే. సరే వస్తానన్నాను. "రా గానీ అమ్మా, క్లాసులో నన్ను బంగారూ అని పిలవకు" అని మా పిల్ల షరతు పెట్టింది.

పదో తరగతి ఆర్ట్ క్లాసు. పాఠం, చైనా సంప్రదాయ చిత్రకళ. టీచరమ్మ తైవాన్‌లో పుట్టి పెరిగిన మనిషి. మొదటి పావుగంట తెర మీద రాజవంశాల పట్టిక నడిచింది: తాంగ్, సుంగ్, యువాన్, మింగ్, చింగ్. పాతిక మందిలో సగం మంది ఆవలించారు. నాకూ ఆగలేదు. ఆ పట్టిక ఆఖర్న పెట్టుకోవాల్సింది.

తర్వాత ఆవిడ బల్లకో నల్లరాయి పెట్టింది. అరచేతిలో ఇమిడేంత రాయి, ఓ కొసన చిన్న గుంట. పక్కనే నల్లటి కడ్డీ. మసిలో జంతువుల జిగురు కలిపి, అచ్చుపోసి ఆరబెట్టిన సిరా అది. రాయి మీద రెండు చుక్కలు నీళ్లు వేసి, కడ్డీని నిలువుగా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. నాకు మా అమ్మమ్మ పూజగదిలో గంధం సాన గుర్తొచ్చింది. పిల్లలేమో త్వరగా అయిపోవాలని కడ్డీని నొక్కి రుద్దుతున్నారు. "నొక్కొద్దు, తిప్పండి" అంటూ ఆవిడ బల్లబల్లకీ తిరిగింది. "గంధం తీసేటప్పుడు తొందరేంటే" అని అమ్మమ్మ కసిరేది సరిగ్గా ఇందుకే.

"సీసాలో దొరుకుతుందిగా, ఇదంతా ఎందుకు?" అన్నాడొక కుర్రాడు. ఆవిడ అలమరలోంచి ఒక సీసా తీసి చూపించింది. దాని మీద 'ఇండియా ఇంక్' అని ఉంది. అందరూ నావైపు తిరిగారు. నేనేం చెప్పను! చైనా సిరాకి ఇంగ్లీషువాళ్లు మన పేరు పెట్టారు, ఫ్రెంచివాళ్లు మాత్రం ఇప్పటికీ చైనా సిరా అనే అంటారు. సీసాలోది ఒకటే నలుపు. రాతి మీద అరగదీస్తే ఎంత చిక్కన కావాలో ఎంత పల్చన కావాలో చేతికి తెలుస్తుందని ఆవిడ జవాబు. సిరాలో ఐదు రంగులున్నాయని చైనాలో ఒక నానుడి ఉందట.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. ఆవిడ వెదురు గీసి చూపించి, అచ్చం అలాగే గీయమంది. కణుపు దగ్గర కుంచె ఆగాలి, మెత్తగా పైకి పోవాలి, మళ్లీ ఆగాలి. "కాపీ కొడితే మార్కులు కోస్తారుగా?" అని ఒకమ్మాయి అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. సొంతంగా చేయమని ఒకటో తరగతి నుంచీ నూరిపోసిన బడి కదా. షియే హో అనే ఆయన దాదాపు 1500 ఏళ్ల కిందట చిత్రకళకు ఆరు సూత్రాలు చెబితే, వాటిలో చివరిది పాతవాళ్ల బొమ్మలకు నకలు తీయడమేనని టీచరమ్మ చెప్పింది. చిన్నప్పుడు ఎర్రగా అచ్చువేసిన అక్షరాల మీద తానూ నల్లసిరాతో రాశానంది. నేను నోరు మూసుకోలేకపోయాను. మా ఊళ్లో దీన్ని దిద్దడం అంటారనీ, మా నాన్న పలక మీద రాసిన 'అ' మీద బలపం అరిగేదాకా దిద్దాననీ చెప్పేశాను. మా పిల్ల బల్ల కిందికి చూసింది.

దిద్దితే మాత్రం వెంటనే వచ్చిందా? మాకిచ్చిన కాగితం చైనాలోని అన్హ్వీ రాష్ట్రపు ష్వెన్ కాగితం, చెట్టు బెరడుతో వరిగడ్డితో చేసేది, సిరా తగలగానే పీల్చేసుకుంటుంది. చెరిపేదేం లేదు. నేను గీసిన వెదురు చెరుకుగడలా వచ్చింది.

చివరికి ఆవిడ ఒక చుట్ట తెచ్చింది. సుమారు 750లో హాన్ గాన్ గీసిన గుర్రానికి అచ్చు ప్రతి. ష్వెన్‌జోంగ్ చక్రవర్తి గుర్రమది, గుంజకు కట్టేస్తే కళ్లు తిప్పుతూ గింజుకుంటోంది. మన చేర్యాల పటం నిలువుగా వేలాడదీసి ఊరందరికీ కథ చెబుతారు. ఇది ఒకరిద్దరు బల్ల మీద కుడి నుంచి ఎడమకి మూరెడు మూరెడు విప్పుకుంటూ, చూసేసింది చుట్టుకుంటూ పోవాలి. గుర్రం జానెడు మీద బెత్తెడే. అసలు చుట్ట పదకొండు మీటర్ల పైచిలుకు! మిగతాదంతా దాన్ని దాచుకున్నవాళ్లు, చూసినవాళ్లు రాసిన రాతలు, గుద్దిన ఎర్ర ముద్రలు. కొన్ని గుర్రం చుట్టూనే ఉన్నాయి. "పాడుచేశారు" అన్నారు పిల్లలు. నాకు మాత్రం పొలం కాగితాల వెనక కట్టగట్టిన లింకు డాక్యుమెంట్లు గుర్తొచ్చాయి.

తర్వాతి వారం బస్సులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్లాం. హాన్ గాన్ చుట్ట 1977 నుంచీ వాళ్ల దగ్గరే ఉంది గానీ, ఆ రోజు బయట పెట్టలేదు. వెలుతురుకి పాడవుతాయని ఇలాంటివి కొన్నాళ్లు చూపించి మళ్లీ లోపల దాచేస్తారు. ఆస్టర్ కోర్ట్ అనే చైనా తోటలో కాసేపు కూర్చున్నాం. సూచౌలోని ఒక తోట నమూనాతో, అక్కణ్నుంచి వచ్చిన పనివాళ్లే కట్టారు; 1981లో తెరిచారు. పిల్లలు తాయ్‌హు సరస్సు రాళ్ల ముందు సెల్ఫీలు తీసుకున్నారు.

పక్క గదిలో ఒక వెదురు బొమ్మ ఉంది. సీసా సిరా చాలన్న కుర్రాడే దాని ముందు ఆగిపోయాడు. కుడిచేయి గాలిలోకి లేపి, ఆగి, పైకి జరిపి, మళ్లీ ఆగాడు. కణుపు తర్వాత కణుపు. మణికట్టు అద్దానికి మరీ దగ్గరగా వచ్చేసరికి కాపలా ఆయన లేచి వచ్చాడు. "బాబూ, ఒక అడుగు వెనక్కి." కుర్రాడు చేయి దించకుండానే అడుగు వెనక్కి వేశాడు.