బీదబడులలో కళాభ్యాసము

చిత్రలేఖనము, నాటకము, పాట యనునవి తీరికగలవారి వినోదములనియు, బీదపిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు వచ్చిన చాలుననియు చెప్పువారు మనలో పెక్కుమంది కలరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ప్రభుత్వపాఠశాలలకు బొమ్మలు నేర్పుటకై కొన్ని సంవత్సరములుగా పోవుచున్న నాకు ఈ మాట తలక్రిందులుగా తోచుచున్నది. సిరిసిల్ల పిల్లవాడు మరమగ్గపు చప్పుడులో నిద్రించి ఆ చప్పుడులోనే మేల్కొనును. కోరుట్లలో పదునాలుగేండ్ల పిల్ల బడినుండి వచ్చి, పుస్తకము ప్రక్కనబెట్టి, తల్లి చాటలోని తునికాకు కత్తిరించును. వేయి బీడీలకింతయని కూలి. జగిత్యాల పల్లెలలో తండ్రి గల్ఫుదేశమున నుండ, సంసారపు మంచిచెడ్డలు సెల్‌ఫోనులో జరుగును. ఇట్టి యిండ్లలో నోరు విప్పుటయే ఒక విద్య. దానికి ఏ గంటయందు పాఠము కలదు?

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 1990 తరువాతి యేండ్లలో జీవననైపుణ్యములని పదింటిని లెక్కించిరి: తన్ను తానెరుగుట, ఇతరుల బాధ గ్రహించుట, నిర్ణయము చేయుట మొదలగునవి. జాబితా మంచిదే. కాని దానిని నల్లబల్లపై వ్రాసి, "సానుభూతి యననేమి?" అని యడిగి, జవాబు వల్లెవేయించుట నేను చూచితిని. ఈతను గురించి వ్యాసము వ్రాయించి పిల్లవానిని చెరువులో దింపినట్లున్నది.

రంగులకు డబ్బు లేదందురు. జాజు, సున్నము, బొగ్గు, ముగ్గుపిండి ఈ యూళ్లలో దొరకనివా? నాటకమునకు అవియు నక్కరలేదు. వేములవాడ చెంత హనుమాజీపేట మిద్దె రాములు వంటి ఒగ్గుకథకులు పుట్టిన సీమ యిది. ఒక్కడే పలువురై పలుకుట ఇచ్చటి పిల్లలకు వింత కాదు. బ్రెజిలు దేశీయుడు ఆగస్టో బోవాల్ 1970 తరువాత ప్రచారమునకు దెచ్చిన పద్ధతి దీనికి చక్కగా నతుకును. ఒక చిక్కును ఆడిచూపి, మరల ఆడునప్పుడు ప్రేక్షకులలో నొకరు లేచి పాత్రను చేకొని కథను మార్చవచ్చును.

కోరుట్లలో ఆడపిల్లలు కొందరు తాము కల్పించిన కథ నాడిరి. పదవ తరగతి పిల్లకు సంబంధము వచ్చినది. కూతురు వేషముననున్న పిల్ల తలవంచుకొని యూరకుండెను. మరియొకతె లేచి, 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము పేరెత్తి, పోలీసులను పిలుతుననెను. తండ్రి వేషమువేసిన పిల్ల వెంటనే, "పిలువు బిడ్డా, రేపటిసంది నీకు బువ్వ ఎవరు పెడ్తరు?" అనెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. అందరికి వెనుక కూర్చుండు పిల్ల యొకతె అప్పుడు మెల్లగా వచ్చి, "బాపూ, కట్నానికి ఎంత అప్పు తెస్తున్నవు? మిత్తి ఎంత? నేను ఇంటరు చదివినన్ని దినాలు ఆ అప్పు ఆగుతది గదా. మేనత్తను నడుమ కూసోబెట్టి మాట్లాడుదాం" అనెను. ఈమారు తండ్రికి జవాబు దొరకలేదు. చట్టము పేరు చేయలేని పనిని లెక్క చేసినది! అంతకన్న నాకు విలువైనదిగా తోచినది తండ్రి వేషము వేసిన పిల్ల మాట: "సార్, బాపులెక్క మాట్లాడినంక ఆయనకు ఎంత భయమున్నదో ఎర్కయింది."

జగిత్యాలలో మగపిల్లలది గల్ఫు ఏజెంటు కథ. మొదటినాడు అందరును ఏజెంటు వేషమే కోరిరి. నల్లకళ్లద్దములు వానివే గదా! 1983 నాటి వలసచట్టము ప్రకారము అట్టి ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదు కావలయునని నేను చెప్పితిని. మూడవనాటికి ఒక కుర్రవాడు, "మొదలు నీ రిజిస్ట్రేషను చూపు, పైసలకు రశీదు రాసియ్యి" అని నిలబడెను.

సిరిసిల్లలో నాటకముకన్న బొమ్మయే మాటాడించినది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల వంటి సర్కారు ఆర్డరు ఉన్ననాడు పని, లేనినాడు మగ్గము మూగ. ఒక బాలుడు కాగితము నిండ మగ్గము గీసి, మూలను తండ్రిని వ్రేలంత గీసెను. "మీ బాపు ఇంత సన్నగున్నడేంది?" అని తోటివాడడుగగా, "ఇంట్ల మగ్గమే పెద్దది" అనెను. తరువాత వాడు తండ్రి కోపమును గురించి, ఇంటి అప్పును గురించి తానే చెప్పసాగెను.

ఈ బొమ్మలవలన మగ్గమునకు ఆర్డరు రాదు, బీడీకూలి పెరుగదు. ఆ మాట ఒప్పుకొననివాడు పిల్లలను మోసగించును. నేను కోరునది వారమునకొక్క గంట. ఒక పాఠశాలలో సంక్రాంతి దాటగనే ఆ గంటను గణితమునకిచ్చిరి, పరీక్షలు దగ్గరపడినవి. మధ్యాహ్నభోజనము తరువాతి పావుగంట మాత్రము మిగిలినది. అందులో పిల్లలు ఇప్పుడు మిత్తివ్యాపారి కథ నాడుచున్నారు. వ్యాపారి వేషమునకు మాత్రము ఇంకను ఎవరును ఒప్పుకొనలేదు.