చింతపిక్కలూ, బేకలైటు పావులూ

ఈ మధ్య మన హాస్టళ్ళలో సాయంకాలం పూట సెల్‌ఫోన్లు పక్కన పడేసి బల్ల చుట్టూ చేరేవాళ్ళు కొందరు తయారయ్యారు. సంతోషమే. బల్ల మీద రంగురంగుల అట్ట పలకలు, చెక్క ఇళ్ళు, దొంతరలు దొంతరలుగా చీట్లు. అయితే ఆట కన్నా డబ్బాను గురించిన చర్చే ఎక్కువ. "అట్ట ఎంత దళసరిగా ఉందో చూశావా?" "పావు బరువు చూడరా బాబూ!" పెళ్ళికి వెళ్ళి వధూవరుల్ని చూడకుండా శుభలేఖ కాగితాన్ని వేళ్ళతో నలిపి చూసినట్టుంటుంది నాకు. 2017లో వచ్చిన గ్లూమ్‌హేవెన్ అనే ఆట డబ్బా బరువు సుమారు 10 కిలోలు. అది కొన్నవాడు ఆడటానికి ముందు దాన్ని మూడో అంతస్తుకు మోసుకెళ్ళాలి పాపం!

అలాగని సామాను ఎలా ఉంటేనేం అనే పక్షమూ కాదు నాది. ఆ మాట అనేవాడు జన్మలో చింతపిక్క అరగదీసి ఉండడు.

మాది క్రోసూరు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లా వాళ్ళం. పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస లేని ఊరు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఇంటింటా వసారాలో అష్టాచెమ్మా నడిచేది. 25 గళ్ళు, నాలుగు పిక్కలు. పిక్కను గచ్చుకేసి రుద్దితే ఒక పక్క తెల్లబడుతుంది. మా ఇంటి లెక్కలో నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. పిక్కలు సమంగా అరిగి ఉంటే సగటున 16 పందేలకు ఒక చెమ్మ, ఒక అష్ట. రుద్దడంలో తేడా వస్తే ఈ లెక్కంతా తలకిందులు. అందుకే ఆట మొదలుకాక ముందే "ఎవరి పిక్కలతో ఆడదాం?" అని తగాదా వచ్చేది. కోడిపందెంలో ఓడినందుకు రాజ్యం విడిచిపోయిన కథ పుట్టిన సీమ గదా, పందెమంటే మాకు ఆ మాత్రం పట్టింపు ఉంటుంది! 1995లో జర్మనీలో పుట్టిన కటాన్ అనే ఆటా ఇంతే. రెండు పాచికలు కలిపి 7 పడే అవకాశం 36లో 6. ఊళ్ళు ఎక్కడ కట్టాలి, దారులు ఎటు వేయాలి అన్న ఎత్తుగడంతా ఆ లెక్క మీదే నిలబడుతుంది. పాచిక వంకర పోతే ఎత్తుగడా వంకరే.

ఇక పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసేచోట 23 స్థానాలు. సామానుకు దమ్మిడీ ఖర్చు లేదు. మాచర్ల బండ పరిచిన అరుగు, సుద్దముక్క, పులులకు మూడు పెద్ద రాళ్ళు, మేకలకు గులకరాళ్ళు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు చంపలేవు, నలువైపులా కమ్ముకుని పులిని కట్టేస్తాయి. పదిహేనూ దిగేదాకా మేకకు కదలిక కూడా లేదు. రెండు పక్షాలకూ వేరువేరు బలాలు, వేరువేరు గెలుపులు. 2018లో వచ్చిన రూట్ అనే ఆటలో ఒక్కో పక్షానికి ఒక్కో రకం నియమాలున్నాయని మా వాళ్ళు తెగ మెచ్చుకుంటుంటే, మా ఊరి రచ్చబండ మీది గీతలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

మా ఇంట్లో పులిజూదానికి మా నాయనమ్మను మించినవాళ్ళు లేరు. మేకల పక్షమే తీసుకునేది. "పులితో ఎవడైనా గెలుస్తాడురా" అనేది. నీటికాసులు వచ్చి ఆవిడ చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ, నాలుగైదేళ్ళ క్రితం పూర్తిగా పోయింది. సుద్దగీత వేలికి అందదు గదా, పులిజూదం ఆగిపోయింది. వామనగుంటలు మాత్రం ఆగలేదు. చెక్కపీటలో పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు చొప్పున డెబ్బై గింజలు. వేలు పెడితే గుంట, లోపల ఎన్ని గింజలో కూడా వేలికే తెలుస్తుంది. కాని ఆవిడకు ఎదురు కూర్చునే ఓపిక మాలో ఎవరికీ లేకపోయింది. చెల్లెళ్ళు చదువులకు పోయారు, ఇరుగుపొరుగు అమ్మలక్కలు టీవీకి అంకితమయ్యారు. పీట అటకెక్కింది. ఆవిడ మంచానికి అంటుకుపోయింది. మాట కూడా తగ్గించేసింది.

మొన్న సంక్రాంతికి మా గదిలోని ఆటలు మూడు సంచిలో వేసుకుని ఊరెళ్ళాను. ముందు అజూల్ తీశాను. దాని బిళ్ళల నునుపును మెచ్చుకోనివాళ్ళు లేరు. నాయనమ్మ నాలుగైదు అరచేతిలో దొర్లించి, "బాగున్నాయిరా, కలకండ ముక్కల్లా ఉన్నాయి. అన్నీ ఒకటేగా?" అంది. ఐదు రకాలున్నాయన్నాను. "ఏదీ?" అని మళ్ళీ తడిమింది. నిజమే, తేడా అంతా రంగులోనూ, బొమ్మలోనూ ఉంది. స్ప్లెండర్ బిళ్ళలు మంచి బరువు, గలగలా మోగుతాయి. వాటికీ అదే తీర్పు. ఇంత ఖరీదు పెట్టి చేసినవాళ్ళు కంటికి అన్నీ ఇచ్చి, వేలికి బరువొక్కటే ఇచ్చారు. ఈ విషయంలో మా గులకరాళ్ళు నయం, పులికీ మేకకూ తేడా చీకట్లో కూడా తెలుస్తుంది.

మూడోది హైవ్. జాన్ యియాని అనే ఆయన 2001లో తెచ్చిన ఆట. దీనికి బోర్డే లేదు. పక్షానికి పదకొండు చొప్పున ఆరు పలకల పావులు, దళసరిగా, బేకలైటు మాదిరి. ఒక్కోదాని మీద ఒక్కో పురుగు లోతుగా చెక్కి ఉంటుంది. నాయనమ్మ గోటితో ఆ గాడి వెంట పోయి, "ఇది సాలెపురుగు" అంది. నేనింకా చెప్పనే లేదు! తర్వాత చీమ, మిడత, తేనెటీగ. బీటిల్‌కు మాత్రం "పేడపురుగు" అని నామకరణం చేసింది. ఎవరి పావు ఎవరిదో తెలిసేది రంగును బట్టే గనక, నల్ల పావులు పదకొండింటికీ అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టాను. పావులకు గీత పడకూడదని చేతులు కడుక్కుని ఆడే మా రూమ్మేటు ఈ వాక్యం చదవకుండా ఉంటే బాగుండును.

నియమాలు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎదుటివాడి రాణి తేనెటీగను ఆరువైపులా మూసేస్తే గెలుపు, మన పావైనా వాడి పావైనా సరే. "అంటే పులిని కట్టడమేగా" అంది. మిడత పావుల మీదుగా దూకుతుందంటే, "మరి చంపుతుందా?" అని అడిగింది. చంపదన్నాను. "అయితే మేకే, కాళ్ళు పొడుగు" అని తేల్చేసింది. ఎత్తు ఎత్తుకీ రెండు చేతులతో పావుల గుంపును తడిమేది. అట్ట పావులైతే ఆ తడమడానికి చెల్లాచెదురయ్యేవి. ఇవి బరువు గనక కదల్లేదు. హాస్టల్లో నేను వెక్కిరించిన ఆ బరువే ఇక్కడ ఆటను నిలబెట్టింది.

మొదటి రోజు మూడాటలూ నేనే గెలిచాను. కనుమ నాడు ఆవిడ నా రాణి చుట్టూ ఐదు పావులు పేర్చి, ఆరోదానికి నా చీమనే అక్కడ ఇరుక్కునేలా చేసింది. పక్క వీధి ముసలాయన ఒకరు చూడ్డానికి వచ్చి, ఆవిడ ఎత్తు వేయగానే "అబ్బా!" అన్నారు. మర్నాడు ఆయనే ఎదురు కూర్చున్నారు.

ఆ డబ్బా తిరిగి హాస్టలుకు రాలేదు. చందాలు వేసుకుని కొన్న మిత్రులు అడుగుతున్నారు, నా వాటా పోను మిగతా డబ్బు ఇచ్చుకుంటాను. నాయనమ్మ నెల క్రితం ఫోన్ చేసింది. ఈ ఆటకు విడిగా దోమ పావు కూడా దొరుకుతుందని, అది పక్కనున్న పురుగులా నడుస్తుందని ఎవరో చెప్పారట, తెమ్మంది. క్రోసూరుకు దోమలు నేను తేవాలా అన్నాను. "గాటు పెట్టి మరీ తే" అని ఫోన్ పెట్టేసింది.