చక్రగణనం – సాక్షిభావం



సాధనకు ఉపకరణం అవసరమే. జపానికి మాల, అర్చనకు ఘంట, కాలనియమానికి పంచాంగం. అయితే ఉపకరణం తన పరిధిని దాటి సాధకుని మనస్సునే ఆక్రమిస్తే అది బంధహేతువవుతుంది. సైకిలు హ్యాండిలుకు అమర్చుకునే ఒక చిన్న యంత్రాన్ని ఎన్నుకోవడంలోనూ ఈ వివేకం అవసరమే.

నరసరావుపేటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. మధుమేహానికి వ్యాయామం తప్పదని వైద్యులు చెప్పగా, ప్రతి సోమవారం ఉషఃకాలంలో సైకిలు మీద కోటప్పకొండకు వెళ్లి త్రికోటేశ్వరుని దర్శించడం వ్రతంగా స్వీకరించారు. దూరం సుమారు 13 కిలోమీటర్లు. తొక్కినంతసేపూ పంచాక్షరీ మానసజపం. ఎంత దూరం తొక్కారో వ్రాసి ఉంచమన్నారు వైద్యులు. కుమారుడు ఫోనులో ఒక యాప్ అమర్చాడు. అది కిలోమీటరుకొకసారి వేగాన్ని పలికేది. నాలుగు వారాలలో జపస్థానంలో వేగచింత ప్రవేశించింది. ఒకనాడు కొండ దిగువన సైకిలు నిలిపి, ఈవేళ స్వామి నామం ఎంతసేపు స్మరించానని తమను తామే ప్రశ్నించుకుంటే సమాధానం దొరకలేదు. సగటు వేగం మాత్రం కంఠస్థంగా ఉంది!

"నాన్నగారూ, జీపీఎస్ యంత్రం పంపిస్తాను. దారి, ఎత్తు, గుండెవేగం అన్నీ చూపిస్తుంది" అన్నాడు కుమారుడు.

"దారి నాకు తెలుసు నాయనా. ఎత్తు సంగతి మోకాళ్లే చెబుతాయి. దూరం చూపి మౌనంగా ఉండేది చాలు" అన్నారాయన.

అటువంటి యంత్రం నిర్మాణం అతిసరళం. ముందు చక్రపు చువ్వకు ఒక అయస్కాంతం, ఫోర్కుకు ఒక సెన్సారు. చక్రం ఒకసారి తిరిగితే ఒక లెక్క. తీగతో పనిచేసే రకానికి సాధారణంగా ఒక్క బిళ్ల బ్యాటరీ చాలు. తీగ లేని రకంలో సెన్సారుకు కూడా బ్యాటరీ కావాలి. జీపీఎస్ రకాన్ని తరచుగా ఛార్జింగు చేయాలి. నిత్యం ఒకే దారిలో, పోటీ లేకుండా తొక్కేవారికి మొదటిదే యుక్తం.

ఇందులో మనం అందించవలసినది చక్రపరిధి ఒక్కటే. 20,000 వ్యాసం గల వృత్తానికి 62,832 పరిధి అని ఆర్యభటుడు చెబుతూ, దానిని 'ఆసన్నం' అన్నాడు. అంటే దాదాపు సరియైనది. ఆ లెక్కన 66 సెంటీమీటర్ల చక్రానికి పరిధి సుమారు 207 సెంటీమీటర్లు. కాని మనిషి కూర్చుంటే టైరు కొంత అణగుతుంది. కనుక సైకిలుపై కూర్చొని, చక్రాన్ని ఒక్క చుట్టు నడిపి, నేలపై రెండు గీతల మధ్య దూరాన్ని కొలవడం ఉత్తమం. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే 13 కిలోమీటర్లలో సుమారు 125 మీటర్ల దోషం వస్తుంది. వైద్యునికి వ్రాసి చూపడానికి అది బాధకం కాదు.

ఆ చక్రం 108 సార్లు తిరిగితే సుమారు 224 మీటర్లు. అంటే కొండ చేరేసరికి దాదాపు 58 మాలల చక్రభ్రమణం! అయితే చక్రం తిరిగినంత మాత్రాన జపం కాదు. గణన యంత్రానిది, స్మరణ మనస్సుది.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా వర్ణించింది. వేగసూచికను సారథి స్థానంలో కూర్చోబెడితే ప్రయాణం సాగుతుంది గాని గమ్యం మరుగున పడుతుంది.

జపమాలను గోముఖిలో దాచి త్రిప్పడం సంప్రదాయం. సంఖ్య జరుగుతూనే ఉంటుంది, దృష్టి దానిపై ఉండదు. ఆ ఉపాధ్యాయులు కూడా బయలుదేరేటప్పుడు యంత్రంలో దూరాన్ని సున్నా చేసి, దానిపై చిన్న గుడ్డసంచి తొడుగుతారు. కొండ దిగువకు చేరాకే తీసి అంకె వ్రాసుకుంటారు. తరువాత మెట్లెక్కి, మౌనంతోనే బోధించే దక్షిణామూర్తి స్వరూపుడైన స్వామి సన్నిధిలో నిలుస్తారు.

సాధకులారా! ఉపకరణం కొనే ముందు ఇది ఎన్ని చూపుతుందని కాక, నా ధ్యానానికి ఎంత అడ్డు రాకుండా ఉంటుందని అడగండి. సేవకుడు మితభాషి అయితే యజమాని మనస్సు ప్రశాంతంగా ఉంటుంది.

సర్వం శివార్పణమస్తు.