అమ్మమ్మకు ధార్వాడ ఉత్తరాలు

రైల్లో, గుంతకల్లు దాటాక

అమ్మమ్మా,

ఫోన్లో నేనొకటి చెబితే నీకింకొకటి వినబడుతోంది. మొన్న పోస్టింగు అంటే ఉద్యోగమనుకుని ఆచంటంతా చాటేశావట. అందుకే కాగితం మీద పెడుతున్నాను, పిన్ని చేత చదివించుకో. ఉద్యోగం రాలేదు, పీజీ ఇంకా అవ్వలేదు. మొర్రితో పుట్టిన పిల్లలకు ఆపరేషనుకు ముందు మా ఆర్థోడాంటిస్టులు చేసే వైద్యం నేర్చుకు రమ్మని మా మేడం ధార్వాడ పంపుతున్నారు. అక్కణ్ణుంచి మంగళూరులో చిన్న కోర్సు, తర్వాత ఇంటికి.

భీమవరంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర గుంటూరు రాకముందే అయిపోయింది. నల్లమల చీకట్లో దాటిపోయింది. నేను చూసిందల్లా ఎదురు బెర్తుల వాళ్ళ నోళ్ళు. పళ్ళ డాక్టరునని నోరు జారానో లేదో, ఒకాయన సెల్‌ఫోన్ లైటు వేసి మరీ పుచ్చిన దవడ పన్ను చూపించాడు. ఇంకొకావిడ నిద్రపోతున్న కూతుర్ని లేపి కూర్చోబెట్టింది. “ఎత్తుపళ్ళండీ. పెళ్ళి కుదిరింది. క్లిప్పులేస్తే మాఘమాసానికి సర్దుకుంటాయా?”

సర్దుకోవని చెప్పడానికి నంద్యాల దాకా పట్టింది. పన్ను నెలకు ఒక మిల్లీమీటరు జరిగితే గొప్ప. అది వెళ్ళే వైపు ఎముక కరగాలి, వదిలిన వైపు కొత్త ఎముక పుట్టాలి. తొందరపడి గట్టిగా లాగితే అక్కడి రక్తనాళాలు నలిగిపోయి పన్ను ఉన్నచోటే మొరాయిస్తుంది. ఆవిడ అంతా ఓపిగ్గా విని, “పోనీ రెండు పీకేస్తే?” అంది. పీకినా ఆ సందు మూసుకోవడానికి ఏడెనిమిది నెలలు తక్కువ పట్టదన్నాను. నా చదువు మీద నమ్మకం పోయినట్టుంది, దుప్పటి ముసుగేసుకుంది.

ధార్వాడ, రాత్రి

అమ్మమ్మా,

హుబ్బళ్ళిలో దిగీ దిగగానే గొడవ. బస్టాండుకు ఆటో 80 రూపాయలని బేరం. దారిలో వాన మొదలైంది. దిగాక 150 ఇమ్మన్నాడు. వానకు నాకేం సంబంధమని నేను తెలుగులో, వానలో ఇంకెవడూ రాడని అతను కన్నడంలో. మాట ఒక్కటీ పూర్తిగా అర్థం కాకపోయినా తిట్లు మాత్రం ఇద్దరికీ బాగానే అర్థమయ్యాయి. చివరికి పక్కన పూలమ్ముకునే ఆవిడ 100 అని తేల్చింది. అతను తీసుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. బస్సెక్కాక కూడా మనసులో ఆ 20 రూపాయలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

బస్సులో ఇంకో తమాషా. ఆడవాళ్ళందరికీ కండక్టరు డబ్బు తీసుకోకుండా టికెట్టు చింపి ఇస్తున్నాడు. 2023 జూన్ నుంచి ఇక్కడ శక్తి పథకం ఉంది, ఆధార్ చూపిస్తే చాలు. నాదీ చూపించాను. ఆంధ్రా అడ్రసు చూసి నవ్వి డబ్బులడిగాడు. ఆ బస్సులో టికెట్టు కొన్న ఆడది నేనొక్కదాన్నే!

ఆకలి మీద ఖానావళికి వెళ్ళాను. మన మెస్సు లాంటిదే. గోడవారన బల్లలు, లోపలినుంచి జొన్న రొట్టె తట్టే చప్పుడు. పల్చటి వేడి రొట్టెలు, నూనె తేలే గుత్తివంకాయ కూర (ఇక్కడ ఎణ్ణెగాయి అంటారు), వేరుశనగ పొడిలో గడ్డ పెరుగు, పెసల కూర, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఒక రొట్టె అయ్యేలోపు ఇంకోటి కంచంలో పడుతుంది, వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ మీదే వేసి వెళ్ళిపోతాడు. అన్నం ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. అంతా అయ్యాక వచ్చింది, మనం కాకికి పెట్టేంత. అమ్మమ్మా, అది చూస్తే ఏడుపొచ్చింది. అప్పడంలా విరిగే కడక్ రొట్టె అని ఇంకోటుంది. అది తినాలంటే నువ్వు కట్టుడు పళ్ళు నీళ్ళ డబ్బాలోంచి తీసి నోట్లో పెట్టుకోవాలి. అది జరిగే పని కాదు గనక నీకు తేను. పేడాలు మాత్రం తెస్తాను.

ధార్వాడ, ముసురు

అమ్మమ్మా,

ఈ ఉత్తరం పిన్నిని నెమ్మదిగా చదవమను.

ఇవ్వాళ మూడు వారాల మగబిడ్డను తీసుకొచ్చారు. పై పెదవి ముక్కు లోపలిదాకా చీలింది, చిగురూ రెండు ముక్కలైంది. తల్లికి ఇరవై నిండాయో లేదో. అత్తగారు పక్కన కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతోంది, గ్రహణం నాడు వద్దన్నా వినకుండా కూర తరిగిందని. ఈ మాట నీ నోట కూడా విన్నాను గనకే రాస్తున్నాను. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. కారణం కొంత జన్యువులు, కొంత గర్భిణి వాడిన కొన్ని రకాల మందులు, పొగ. చాలామందిలో ఫలానా అని తేలదు కూడా. పెదవి కలుసుకోవలసింది కడుపులో పడ్డ మొదటి రెండు నెలల్లోనే. కడుపుతో ఉందని ఊరికి తెలిసి, గ్రహణానికి తలుపులేసి కూర్చోబెట్టే నాటికి అదంతా ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

ముందు నోటి అచ్చు తీయాలి. ఇక్కడ మాకు నేర్పే సర్ బిడ్డను బోర్లా పట్టుకుని అచ్చు ముద్ద పెట్టారు. గుక్కపట్టి ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ ఊపిరాడుతున్నట్టే, ఏడుపు ఆగితేనే భయపడాలి. తల్లికి ఆ సంగతి ముందే చెప్పాం. అయినా గుమ్మం దగ్గర చెవులు మూసుకుని నిలబడింది.

ఆ అచ్చు మీద చిన్న ప్లేటు చేస్తారు. ఈ పద్ధతిని 1993లో న్యూయార్క్‌లో గ్రేసన్, కటింగ్ అనే ఇద్దరు తెచ్చారు. పుట్టిన కొత్తలో తల్లి హార్మోన్లు బిడ్డ ఒంట్లో ఇంకా ఉంటాయి, ముక్కు మృదులాస్థి వంచితే వంగుతుంది. ఆ వారాలు దాటితే అంత మెత్తదనం ఉండదు. అందుకే ఈ హడావుడి. చిగురు ముక్కల మధ్య సందు 5 మిల్లీమీటర్లకు తగ్గాక ప్లేటుకు చిన్న తీగ కలిపి ముక్కును లోపలినుంచి ఎత్తుతారు. ఆ తర్వాత సర్జన్ పెదవి కుడతారు.

వారానికొకసారి డాక్టరు చేసేది చూస్తే నీకు నవ్వొస్తుంది. ప్లేటు లోపల ఒకచోట పిసరంత అరగదీయడం, ఇంకోచోట పిసరంత మెత్తటి పూత వేయడం, అంతే. వారానికి మిల్లీమీటరు దాటకూడదు. తక్కిన వైద్యమంతా తల్లిదే. రోజూ ప్లేటు తీసి కడగాలి. బుగ్గ ఒరుసుకుపోకుండా అడుగున ఒక టేపు వేయాలి. దాని మీద రబ్బరున్న టేపును రెండింతలు సాగదీసి అతికించాలి. బిడ్డ తన్నుతుంటాడు, చెమటకు టేపు ఊడుతుంటుంది. మొదటిసారి ఆవిడ చేతులు వణికాయి. సర్ రెండుసార్లు చేయించారు. రెండోసారి టేపు ముడత లేకుండా పడింది. నాకైతే ఇప్పటికీ ముడత పడుతోంది.

వాళ్ళది గదగ్ జిల్లాలో రోణ దగ్గర పల్లె. ఇక్కడికి రావడానికి బస్సులు మారాలి. టికెట్టు లేదు గానీ ఆ రోజు ఇద్దరి కూలీ పోయినట్టే. మా కేస్ షీట్లలో రోగి సహకారం అని ఒక గడి ఉంటుంది. రబ్బర్లు పెట్టుకోకపోయినా, ఒక నెల రాకపోయినా అందులో ‘లేదు’ అని రాయడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ దాని కిందనే ఏ ఊరు, ఎన్ని బస్సులు, తోడెవరు, ఊళ్ళో సంత ఏ వారం అని కూడా రాస్తున్నారు. వాటిని చూసే అపాయింట్‌మెంటు ఇస్తున్నారు.

ధార్వాడ, మంచం మీద

అమ్మమ్మా,

జలుబు, ఒళ్ళునొప్పులు. సన్నటి తుంపర, ఆగదు, గట్టిగానూ కురవదు. బట్టలారవు. మిరియాల చారు ఎవరు పెడతారిక్కడ?

పడుకుని ఎక్స్‌రేల మీద గీతలు గీస్తున్నాను, మొహం కొలతలు. ఈ కొలతల్లో డౌన్స్ అనే అమెరికన్ 1948లో ఇచ్చినవి ఇప్పటికీ మాకు పాఠం. అందుకు ఆయన చూసుకున్నది 20 మంది తెల్లపిల్లల్ని. దాంతో చూస్తే మన ఇంట్లో ఒక్క మొహమూ పాసవదు, మావయ్యదైతే మరీ. ఆయనకు ఇది చదివి వినిపించొద్దు.

అన్నట్టు తమ్ముడు రిటైనరు పెట్టుకుంటున్నాడా? క్లిప్పులు తీసేశాక పళ్ళు పాత చోటుకే పోవాలని చూస్తాయి. కిందటి సెట్టు హోటల్లో టిష్యూలో చుట్టి కంచంలో వదిలేసొచ్చాడు. మళ్ళీ చేయిస్తే డబ్బు వాడి దగ్గరే వసూలు చేస్తానని చెప్పు.

మొన్నటి బిడ్డ గురించే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు పెదవి, ఏడాది వయసుకు అంగిలి, ఎనిమిది పదేళ్ళకు చిగురులో ఎముక, ఆపైన క్లిప్పులు. దవడ పెరుగుదల తేడాగా ఉంటే పద్దెనిమిది దాటాక ఇంకో ఆపరేషను. మా చదువేమో మూడేళ్ళే. సీనియర్లు పరీక్ష రాసి వెళ్ళిపోతే వాళ్ళ పేషెంట్లు ట్రాన్స్‌ఫర్ కేసులుగా మా మీదికొస్తారు, మావి జూనియర్ల మీదికి. మొదటినుంచి చివరిదాకా ఉండేది ఆ తల్లొక్కతే.

నాకు ఇంటికి రావాలనుంది.

మంగళూరు

అమ్మమ్మా,

జ్వరం తగ్గింది, ఎండ కాసింది. అరబైల్ ఘాటు మలుపుల్లో కడుపులో ఉన్నదంతా కక్కేశాను. పక్కనున్న ముసలాయన నిమ్మకాయ ఇచ్చి, అంకోలా వచ్చేదాకా వాళ్ళ మనవరాలి పెళ్ళి కబుర్లు చెప్పాడు. గోకర్ణం బోర్డు కనబడింది, దణ్ణం పెట్టుకున్నాను. దిగే ఓపిక లేదు.

ఇక్కడ చేపల పులుసులో కొబ్బరి పోస్తారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను. మూడో ముద్దకు రెండోసారి వడ్డించమన్నాను. ఈ సంగతి మాత్రం నీకు చెప్పకూడదనుకున్నాను.

కోర్సు మినీ స్క్రూల మీద. ముందు పళ్ళను వెనక్కి లాగితే, పట్టుకు ఆధారంగా ఉన్న దవడ పళ్ళు ముందుకు జారతాయి. అలా జారకుండా ఎముకలోకి మిల్లీమీటరున్నర లావు మర బిగించి దాన్నుంచి లాగుతాం. చెప్పినాయన పదేపదే అన్నది, దీనికి పేషెంటు సహకారంతో పనే లేదని. మేమంతా రాసుకున్నాం. తర్వాత ప్రశ్నల్లో, మర ఎందుకు వదులవుతుందని ఎవరో అడిగారు. ఎముక పల్చనైతే వదులవుతుందన్నాడు. చుట్టూ రోజూ శుభ్రం చేసుకోకపోతే చిగురు వాచి వదులవుతుందని కూడా అన్నాడు. అంటే మళ్ళీ ఇంటిదగ్గరి పనే కదా!

రాత్రి మా మేడంకు ఫోన్ చేశాను. కొల్లేటి ఊళ్ళనుంచి, లంకలనుంచి వచ్చే పిల్లలకు అపాయింట్‌మెంట్లు ఒకే వారం ఇద్దామన్నాను. అక్కాచెల్లెళ్ళుంటే ఒకే పూట చూద్దామన్నాను. మనకూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి బస్సు ఉంది, తల్లులకు టికెట్టు బాధ లేదు. పోయే కూలే ఒక్కరోజుకు సర్దాలి. రిజిస్టరు నువ్వే రాస్తానంటే సరే అన్నారు మేడం. అలా నాకు ఇంకో పని తగులుకుంది.

శనివారం భీమవరంలో దిగుతాను, సోమవారం ఓపీ. మధ్యలో ఆదివారం ఒక్కటే ఆచంటలో. పులస దొరికితే ఆ రోజుకే తెమ్మని మావయ్యతో చెప్పు. ఎంత పెట్టి కొన్నాడో మాత్రం నాకు చెప్పొద్దు.

నీ మనవరాలు